నేరెయో పక్కన నిలబడేవాడు

నేరెయో మోంతిల్యా మోకాళ్ళ కింద పదిహేడు మచ్చలుండేవి. ఒక్కో మచ్చకూ ఒక్కో మనిషి పేరు. ఆట అయ్యాక స్నానానికి దిగినప్పుడు కాలికి సబ్బు రాసుకుంటూ వరసపెట్టి చెప్పేవాడు. ఇది సాంతియాగో జట్టులో చేవో. ఇది రాజధాని జట్టులో కోతిముఖంవాడు. ఇది ప్యూర్టోరికో నుంచి ఒక్క సీజను ఆడటానికి వచ్చిన లావుపాటివాడు, పేరు మర్చిపోయాను, బరువు మాత్రం గుర్తుంది.

పెలికానోస్ బేస్‌బాల్ జట్టులో తొమ్మిది చలికాలాలు అతను రెండో బేస్ దగ్గర నిలబడ్డాడు. అక్కడ నిలబడేవాడికి ఆ మచ్చలు తప్పవు. మొదటి బేస్ నుంచి పరిగెత్తుకొచ్చేవాడు చివరి నాలుగు బారలూ నేల మీద జారుతూ, బూటు ముళ్ళు ముందుకు చాపి వస్తాడు. వాడి గురి బేస్ మీద కాదు. అక్కడ నిలబడి బంతి విసరబోయేవాడి కాళ్ళ మీద.

నేరెయో దగ్గర దానికి విరుగుడుండేది. బంతిని నడుం ఎత్తులోంచి పక్కవాటుగా విసిరేవాడు. జారడం ఆలస్యం చేసినవాడి నోట్లోకి పోయేది. ఏడాదికి ఒకడైనా మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో పళ్ళు ఏరుకునేవాడు. అంపైర్ కేకలేస్తే, "నేను మొదటి బేస్‌కే విసిరానయ్యా. దారిలో నోరు పెట్టింది అతను," అనేవాడు. నవ్వేవాడు కాదు.

మైదానం బయట మెతక మనిషి. మా ఇద్దరిదీ సాంతా ఓల్గా చక్కెర మిల్లు కిందున్న లా సేకా అనే కూలీల పేట. జనవరిలో ఆటలు ముగిస్తే ఇద్దరం చెరకు కోతకి బళ్ళెక్కేవాళ్ళం. నేను మూడో బేస్ దగ్గర ఆడేవాణ్ణి. అందువల్ల అతని వీపు, పక్కలు, చేతులు నేను చూసినంతగా అతని పెళ్ళాం కూడా చూసి ఉండదు.

అతనికీ నాకూ మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. వాడూ నేరెయో ఒకే బేస్‌ను చెరో పక్క నుంచి కాస్తారు. బంతి షార్ట్‌స్టాప్‌కి దొరికితే నేరెయో బేస్ మీదికి వస్తాడు. నేరెయోకి దొరికితే షార్ట్‌స్టాప్ వస్తాడు. దొరికినవాడు రెండోవాడికి అందించాలి. సమయానికి అందితే, అందుకున్నవాడు బేస్ తొక్కి మొదటి బేస్‌కి విసురుతాడు, ఒకే బంతికి ఇద్దరు అవుట్. అర లిప్త ఆలస్యమైతే బేస్ మీద ఉన్నవాడి కాలు పోతుంది. ఆ అర లిప్త అంపైర్‌కి కనపడదు. జనానికి కనపడదు. అక్కడ నిలబడి ఆడినవాళ్ళకే తెలుస్తుంది.

తొమ్మిదో ఏడు డిసెంబరు మొదటివారంలో మా షార్ట్‌స్టాప్ లులో మోకాలు విరిగింది. రాజధాని జట్టువాడొకడు ముళ్ళు పైకెత్తి జారాడు. ఎండుకర్ర విరిచినట్టు వినిపించింది. లులో అరవలేదు, తన పాదం ఎటువైపు తిరిగి ఉందో చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాతి వంతులో అదే మనిషి మళ్ళీ మొదటి బేస్ మీదికి వచ్చాడు. నేరెయో బంతి దొరికేదాకా ఆగాడు, దొరికాక పక్కవాటుగా విసిరాడు. ఆ మనిషి దవడ రెండుచోట్ల పగిలింది. జనం లేచి పది నిమిషాలు చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం షార్ట్‌స్టాప్ లేడు.

మేనేజర్ దొన్ కిరీకో మిల్లు వెనక ఉన్న రాళ్ళ మైదానానికి మనుషుల్ని పిలిపించాడు. ఆయనా ఒకప్పుడు రెండో బేస్ ఆడినవాడే. కుర్చీ వేసుకుని, వెలిగించని చుట్ట నములుతూ కూర్చున్నాడు. మొదటివాడు రేవు నుంచి వచ్చాడు. చేతులు మంచివే. బంతి ఒక గులకరాయికి తగిలి లేచేసరికి ముఖం పక్కకు తిప్పాడు.

"ముఖం తిప్పాడు. పంపించెయ్," అన్నాడు దొన్ కిరీకో.

"తిప్పనీండి దొన్. ముఖం వాడిది, కాళ్ళు నావి. నన్ను చూసుకోనివ్వండి," అన్నాడు నేరెయో.

అతని పరీక్ష వేరు. బేస్ మీద నిలబడి కళ్ళు మూసుకునేవాడు. మొదటి బేస్ నుంచి పరిగెత్తి రమ్మని నన్ను పంపేవాడు. "నిజంగా జారు. నేస్తం కదా అని మెల్లగా వచ్చావంటే సాయంత్రం నీ పళ్ళు రాలగొడతా," అనేవాడు. పరిగెత్తుకొచ్చేవాణ్ణి చూస్తూ, బంతిని చూడకుండా అందుకోవాలి రెండో బేస్ మనిషి. వెతుక్కుంటే ఆలస్యం. బంతే గ్లవ్‌ను వెతుక్కుంటూ రావాలి.

రేవు నుంచి వచ్చినవాడి బంతి నేరెయో చెవి మీద తగిలింది. రెండోవాడిది మోకాలికి. మూడోవాడు బాగానే ఆడేవాడు గానీ పొద్దున్నే రమ్ము తాగి వచ్చాడు. వాడు విసిరింది ఎటు పోయిందో మేం సాయంత్రం దాకా వెతికాం. నేరెయో చెవి మీంచి కారుతున్న నెత్తురు టోపీతో తుడుచుకుని, "ఇంకెవరన్నా ఉన్నారా, రెండో చెవి ఉంది నాకు," అన్నాడు.

ఆదివారం దొన్ కిరీకో మమ్మల్నిద్దర్నీ తన ట్రక్కులో ఎక్కించుకున్నాడు. ఎవరిని చూడబోతున్నామో చెప్పలేదు. మిల్లు పెద్ద మైదానం దగ్గర దిగాక, నీడలో కట్టేసిన కంచరగాడిదలు కనిపించాయి. జీనులకు పొడుగు కత్తులు వేలాడుతున్నాయి. పొలం కాపలావాళ్ళ జట్టు. నేరెయో ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

షార్ట్‌స్టాప్ దగ్గర ఉన్నవాడు సన్నగా, పొడుగు చేతులతో ఉన్నాడు. నేలబారు బంతి రాయికి కొట్టుకుని గొంతు మీదికి లేచింది. వాడు వెనక్కి జరగలేదు. ఉత్త చేత్తో పట్టుకుని, అదే ఊపులో విసిరేశాడు. తొందరపడినట్టే లేదు.

"ఫోరో," అన్నాడు నేరెయో.

"అతనే."

"అతనెవరో మీకు తెలుసా దొన్?"

"తెలుసు. అందుకే దారిలో చెప్పలేదు. చెబితే ట్రక్కులోంచి దూకేవాడివి."

"ఈ దీవిలో ఇంకో షార్ట్‌స్టాప్ పుట్టలేదా?"

"ఎందుకు పుట్టలేదు? పుట్టినవాడినల్లా మీసం రాకముందే అమెరికావాళ్ళు పట్టుకుపోయారు. వీడికి ముప్ఫై దగ్గర పడ్డాయి, అందుకని మనకి మిగిలాడు."

తెలేస్ఫోరోని అందరూ ఫోరో అనేవారు. అంతకు రెండు కోతల ముందు, జ్వరంతో చెరకు నీడలో కూర్చున్నాడని నేరెయో తండ్రి దియోమెదెస్‌ను కొట్టినవాడు ఇతనే. కాపలావాళ్ళు కత్తి అంచుతో కొట్టరు. పలకగా తిప్పి కొడతారు. వీపు మీద పడితే చర్మం వాచి నల్లబడుతుంది, నెలకి మానుతుంది. పని ఆగదు. ఆరోజు ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి మణికట్టు నలిగిపోయింది. నలభై ఏళ్ళు చెరకు నరికిన చెయ్యి ఆ తర్వాత చెంచా కూడా పట్టలేదు.

ఆట ముగిశాక నేరెయో వెళ్ళి బేస్ మీద నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. ఫోరో ఒకసారి దొన్ కిరీకో వైపు చూసి, తన చోటికి వెళ్ళాడు. నేను మూడుసార్లు పరిగెత్తాను. మూడుసార్లూ బంతి నేరెయో ఎడమ భుజం కింద, గ్లవ్ దానంతటదే తెరుచుకునే చోట పడింది. మూడోసారి నేను జారి వచ్చేలోపే అతను బేస్ దాటి పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు అప్పుడు తెరిచాడు.

"నేనెవరో తెలుసా?" అని అడిగాడు.

"దియోమెదెస్ కొడుకువి."

"గుర్తుందన్నమాట."

"చెయ్యి అడ్డం పెట్టాడు," అన్నాడు ఫోరో. "పెట్టకపోయుంటే వీపు మీద పడేది."

అంతే. క్షమాపణ కాదది, ఎగతాళీ కాదు. ఆట ఎలా సాగిందో చెబుతున్నట్టు చెప్పాడు. నేరెయో ఆ రోజు దొన్ కిరీకోకి ఔననలేదు, కాదనలేదు. పేటకి వచ్చాక నన్ను కూడా తన ఇంటికి రమ్మన్నాడు.

ముసలాయన గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో, పళ్ళతో తాడు పేనుతున్నాడు. కొడుకు చెప్పిందంతా విన్నాడు. రేడియోలో మా ఆట ఒక్కటీ వదిలిపెట్టని మనిషి.

"చేతులెలా ఉన్నాయి వాడికి?"

"బాగున్నాయి నాన్నా."

"ఉంటాయి. నాకు తెలీదా?" నోట్లో నార ఉమ్మేశాడు. "అందిస్తున్నాడా?"

"కళ్ళు మూసుకున్నా అందుతోంది."

"అయితే తెచ్చుకో."

"నువ్వు వద్దంటావనుకున్నాను."

"వద్దనడమెందుకు? వాడు నీకు అందించినట్టే నువ్వూ వాడికి అందించాలిగా. ఎప్పుడో ఒకప్పుడు బంతి నీ చేతిలో ఉంటుంది, వాడు బేస్ మీద నిలబడి ఉంటాడు, అవతల్నించి ఎద్దులాంటివాడెవడో జారుకుంటూ వస్తుంటాడు." ముసలాయన తాడు పళ్ళకు బిగించి లాగాడు. "సమయానికి అందించడం తొమ్మిదేళ్ళు నేర్చుకున్నావు. ఒక్కసారి మర్చిపో. చాలు."

నేరెయో మర్నాడు వెళ్ళి దొన్ కిరీకోకి ఔనన్నాడు.

పేటంతటికీ తెలిసిపోయింది ఎందుకు ఔనన్నాడో. ఫోరోకీ తెలిసింది. మొదటి రోజు సాధనలో అందరి ముందే నేరెయో దగ్గరికి వచ్చి, "నన్నెందుకు తెచ్చావో విన్నాను. నీ కాళ్ళు కూడా నా చేతిలోనే ఉంటాయి, మర్చిపోకు," అన్నాడు.

"మర్చిపోను," అన్నాడు నేరెయో.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. మాటలతో పని పడలేదు కూడా. అలాంటి జంటను నేను మళ్ళీ చూడలేదు. ఒకరంటే ఒకరికి భయం వల్లనో, ఏమో, ఒక్క బంతి ఆలస్యం కాలేదు. నేను లెక్కపెట్టడం మానేసేలోపు నేరెయో అతనికి నలభైసార్లు అందించి ఉంటాడు. నలభైసార్లూ సమయానికే. జట్టు ఆరో స్థానం నుంచి రెండోదానికి వచ్చింది.

పేటలో మాత్రం అతనికి తిట్లే. "ఏం నేరెయో, నీ షార్ట్‌స్టాప్ ఇంకా నడుస్తూనే ఉన్నాడే," అనేవాడు మంగలి, కత్తి గొంతు మీద పెట్టి. "బంతి చేతిలో వేడిగా ఉంటోందా ఏం, అంత తొందరగా ఇచ్చేస్తున్నావ్?" అరటికాయ వేపుడు అమ్మే దొన్యా ఫెలీసియా అయితే అతనికి పొట్లం కట్టివ్వడం మానేసింది. "మీ నాన్న చెయ్యి మళ్ళీ మొలిచిందట కదా నాయనా, ఆయన్నే వచ్చి పట్టుకెళ్ళమను," అంది. ముసలాయన ఒక్క మాట అడిగేవాడు కాదు. రేడియో కట్టేసి లోపలికి వెళ్ళేవాడు. అది అడిగినదానికంటే ఎక్కువ.

క్రిస్మస్ వారంలో సాంతియాగోవాళ్ళతో పెద్ద గొడవైంది. మా పిచర్ బంతితో వాళ్ళ మనిషి పక్కటెముకల మీద కొట్టాడు, రెండు జట్లూ మైదానంలోకి దిగాయి. నేను లేచి చూసేసరికి నేరెయో బోర్లా పడి ఉన్నాడు. ఒకడు అతని చేతి మీద ముళ్ళ బూటుతో నిలబడి, ముఖం మీద రెండో బూటు ఎత్తాడు. ఫోరో వెనక నుంచి బ్యాటుతో వాడి భుజమ్మీద ఒక్కటి కొట్టాడు. మెడ కింది ఎముక చర్మంలోంచి బయటికి వచ్చింది. ఫోరో బ్యాటు కింద పడేసి, నేరెయోని చెయ్యి పట్టి లేపకుండా, ఇద్దరి దగ్గరికీ ఇంకెవరూ రాకుండా అడ్డం నిలబడ్డాడు. నేరెయో తనే లేచాడు. థాంక్స్ చెప్పలేదు. బస్సులో నా పక్కన కూర్చుని, చేతికున్న నాలుగు కన్నాలూ చూసుకుంటూ, "వాడు వచ్చాక నా కాళ్ళకి ఒక్క కొత్త మచ్చ పడలేదురా," అన్నాడు. ఆ మాట అతనికే నచ్చలేదు. ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

ఫైనల్లో ఆఖరి ఆట మా మైదానంలోనే. అది అయిపోతే ఫోరో తిరిగి కాపలాకి వెళ్ళిపోతాడు. మిల్లువాళ్ళు అంతవరకే సెలవిచ్చారు. లా సేకా నుంచి రెండు చెరకు ట్రక్కుల నిండా జనం వచ్చి ఎడమవైపు ఎండలో కూర్చున్నారు. ముందు వరసలో దియోమెదెస్. రెండేళ్ళలో ఆయన మైదానానికి రావడం అదే మొదలు. ఎందుకొచ్చాడో నాకు తెలుసు, నేరెయోకి తెలుసు, ఫోరోకి తెలుసు. ఇంకెవరికి తెలియకపోయినా ఆటకి ఇబ్బంది లేదు.

తొమ్మిదో వంతు, ఆఖరిది. మేం ఒక్క పరుగు ముందున్నాం. అవతలి జట్టువాళ్ళు మూడు బేసుల మీదా ఉన్నారు, ఒకడు అవుటయ్యాడు. ఒకే బంతికి ఇద్దర్ని తీస్తే కప్పు మాది. మొదటి బేస్ మీద ఉన్నవాడు ఆరడుగుల పైన, ఒకప్పుడు రేవులో బస్తాలు మోసినవాడు.

బంతి నేలబారుగా నేరెయో దగ్గరికి వచ్చింది. పసిపిల్లవాడు పట్టుకోగల బంతి. ఫోరో అప్పటికే బేస్ మీదికి వచ్చి, ఎడమ చెయ్యి చాపి ఉన్నాడు. బస్తాల మనిషి సగం దూరంలో ఉన్నాడు. నేరెయో బంతి పట్టుకున్నాడు, గ్లవ్‌లోంచి తీశాడు. పట్టుకునే ఉన్నాడు.

ఎంతసేపంటే చెప్పలేను. ఊపిరి తీసుకుని వదిలేంత కూడా కాదు. ఫోరో నాకు ఎదురుగా ఉన్నాడు. అతనికి అర్థమవడం చూశాను. పక్కకు దూకేయొచ్చు. దూకితే బంతి అందదు. అతను దూకలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంచాడు. బంతి, బూట్లు ఒకేసారి వచ్చాయి.

ముళ్ళు చీలమండ పైన దిగాయి. కాలు అక్కడ మడిచినట్టు మడతపడింది. బంతి గ్లవ్‌లోంచి ఊడి నా వెనకగా దొర్లిపోయింది. దాని వెనక పరిగెత్తాను. నేను తిరిగి విసిరేసరికి ఇద్దరు పరుగు పూర్తిచేశారు. ఎడమవైపు ఎండలో కూర్చున్నవాళ్ళలో సగంమంది లేచారు, సగంమంది కూర్చునే ఉన్నారు.

నేరెయో వెళ్ళి ఫోరో దగ్గర వంగాడు. ఎముక తెల్లగా కనిపిస్తోంది. ఫోరో ముఖం చెమటతో బూడిదరంగుకి తిరిగింది.

"మీ నాన్న చూశాడా?" అన్నాడు.

"చూశాడు."

"అయితే సరే. మోసేవాళ్ళని పిలువు."

మా చివరి వంతులో ముగ్గురం వరసగా అవుటయ్యాం. మూడోవాణ్ణి నేను. కప్పు పోయింది.

ట్రక్కుల దగ్గర ముసలాయన కొడుకు కోసం నిలబడి ఉన్నాడు. నేరెయో ఆయన ముందుకొచ్చి ఆగాడు. ఏం ఎదురుచూశాడో నాకు తెలియదు. భుజమ్మీద చెయ్యి వేస్తాడనుకున్నాడేమో.

"ఇదే దొరికిందా నీకు?" అన్నాడు ముసలాయన. "రెండు పరుగులు! గెలిచే ఆట!"

"నాన్నా, ఆఖరి ఆట ఇదే కదా."

"ముందు ఆడిన ఆటలన్నీ ఏమయ్యాయి? నేను అడిగింది వాడి కాలురా. కప్పు కాదు." ఆయన ట్రక్కెక్కి, ఇల్లు చేరేదాకా ఇటు తిరిగి చూడలేదు.

దొన్ కిరీకో దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. రెండో బేస్ ఆడినవాడు, చూడకపోవడమేముంది. మరుసటి చలికాలం మళ్ళీ కొత్త షార్ట్‌స్టాప్‌ని వెతికాం. నేరెయో మళ్ళీ బేస్ మీద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. బానీ ఊరి నుంచి వచ్చిన ఒకతను బాగా అందించాడు. జట్టులో చేర్చుకున్నాం. మొదటి రోజే అతను నా పక్కకొచ్చి, గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు:

"అన్నా, ఆయన సమయానికి ఇస్తాడా?"

"ఇస్తాడు," అన్నాను.

నమ్మలేదు. నేరెయో చేతిలో బంతి ఉన్నప్పుడల్లా బేస్ మీంచి ఒక అడుగు ముందే పక్కకు దూకేసేవాడు. అంపైర్లు కాలు బేస్ మీద లేదనేవారు. ఇద్దరు అవ్వాల్సిన చోట ఒక్కరూ అయ్యేవారు కాదు. అతన్ని మార్చి ఇంకొకర్ని పెట్టారు. అతనూ అంతే. మాటలు జట్టు నుంచి జట్టుకి ఎప్పుడో పాకాయి. నేరెయో సమయానికే ఇచ్చేవాడు, నేను ప్రమాణం చేసి చెబుతాను. అందుకునే మనిషి అక్కడ ఉండేవాడు కాదు. క్రిస్మస్‌కి ముందు దొన్ కిరీకో అతన్ని పిలిచి, చుట్ట నోట్లోంచి తీసి, "ఇంటికి పో నాయనా," అన్నాడు.

అలా నేరెయో ఆ ఏడు జనవరి దాకా ఆగకుండానే చెరకులోకి వచ్చాడు. సీజను అయ్యాక నేనూ వచ్చాను. వచ్చిన మొదటి రోజే ఫోరోని చూశాను. కంచరగాడిద మీద కూర్చుని వస్తున్నాడు. కిందటి కోతంతా మంచం మీదే గడిచినా కాలు సరిగ్గా అతుక్కోలేదు, రికాబులో అడ్డంగా ఉంది. దిగితే కుంటుతాడట. కానీ కాపలావాడు దిగేదెప్పుడు? పొద్దస్తమానం జీను మీదే ఉంటాడు. కత్తి చేతితో తిప్పుతాడు. ఆ చెయ్యి పూర్వం ఎలా ఉందో అలాగే ఉంది.

మేమంతా బేస్‌బాల్ మనుషులం. ముసలాయన, నేరెయో, మంగలి, నేను, అందరం. మనిషి బతుకు కాళ్ళలో ఉంటుందనుకున్నాం. ఫోరో షార్ట్‌స్టాప్‌గా ఉన్నది నెలన్నర. మిగతా కాలమంతా అతను కాపలావాడని మాలో ఒక్కడికీ తట్టలేదు.

అతను నేరెయోని ఒక్కసారి కూడా కొట్టలేదు. నేరెయో పక్క వరసలో ఎవరు నరుకుతుంటే వాళ్ళని కొట్టేవాడు. కారణం దొరికేది. మోడు ఎత్తుగా ఉందనో, ఆకు సరిగా తీయలేదనో. మొదటి వారం ఒక హైతీ అతను, తర్వాత మంగలి తమ్ముడు, తర్వాత నేను. పలక దెబ్బ వీపు మీద పడితే మొదట నొప్పి తెలియదు. గాలి పోతుంది. ఆపైన కత్తి ఎత్తడానికి భుజం లేవదు. నేను నేరెయోతో, "ఏమీ అనుకోకురా," అని ఐదు వరసలు అవతలికి మారాను. ఫిబ్రవరి ఆఖరుకి అతని పక్కన నరకడానికి ఒక్కరూ లేరు. ఒంటరిగా నరికేవాడు. చేను ఆ చివరన అతను, ఈ చివరన మేము. ఒక్కడే నరికి, ఒక్కడే మోపులు పేర్చే మనిషి సాయంత్రానికి సగం కూలికి కూడా చేరడు.

మార్చిలో ఒక పొద్దున మేం వెళ్ళేసరికి దియోమెదెస్ ఆ వరసలో ఉన్నాడు. ఎడమచేత్తో నరుకుతున్నాడు. ఒక్కో గడకి నాలుగు దెబ్బలు. నేరెయో వద్దని బతిమాలుతూ ఉన్నాడు, ముసలాయన వినడం లేదు.

పది గంటలకి ఫోరో వచ్చాడు. వాళ్ళిద్దరి దగ్గర కంచరగాడిదను ఆపాడు. చేలో కత్తుల చప్పుడు ఒకటొకటిగా ఆగిపోయింది.

"మోళ్ళు ఎత్తుగా వదులుతున్నావు, ముసలాయనా."

"కుడిచెయ్యి ఉంటే కిందికి నరికేవాణ్ణి."

ఫోరో కళ్ళెం లాగి పట్టాడు. "ఇంటికి వెళ్ళు. నీతో నాకు పనిలేదు."

"నా కొడుకు పక్కన ఎవరో ఒకళ్ళు ఉండాలి కదా."

"వెళ్ళమన్నాను."

ముసలాయన వంగి ఇంకో గడ నరికాడు. మోడు మోకాలెత్తున మిగిలింది. ఫోరో కత్తి తీసి పలకగా వీపు మీద కొట్టాడు. ముసలాయన మోకాళ్ళ మీద పడ్డాడు, లేవబోయాడు. ఫోరో మళ్ళీ చెయ్యి ఎత్తాడు.

నేరెయో అటువైపు నుంచి వచ్చి రికాబులో అడ్డంగా ఉన్న కాలు పట్టి లాగాడు. ఫోరో మోళ్ళ మీద పడ్డాడు. కంచరగాడిద చెరకులోకి పారిపోయింది. అతను లేవబోతే ఆ కాలు నేల మీద ఆనలేదు. నేరెయో అతని కత్తిని తొక్కిపట్టి నిలబడ్డాడు.

"కాలు తీసేశావు కదరా," అన్నాడు ఫోరో. "ఇంకేం కావాలి?"

"అదే తప్పు చేశాను," అన్నాడు నేరెయో.

అతను కోపంగా లేడు. చెరకు ఎలా నరుకుతారో అలా, వంగి, కిందికి, ఒక్క దెబ్బ కొట్టాడు. ఫోరో కుడిచెయ్యి మణికట్టు పైన తెగింది. అంచుతోనే కొట్టాడు.

ఫోరో అప్పుడు అరిచాడు. మేం పరిగెత్తేసరికి నేరెయో తన నడుం బెల్టు విప్పి, అతని మోచేతి కింద బిగించి కడుతున్నాడు. పుల్ల పెట్టి మెలితిప్పాడు. నెత్తురు తగ్గేదాకా వదల్లేదు.

"పారిపో," అన్నాడు ముసలాయన. నేల మీద నుంచి లేవలేకపోతున్నాడు. "చేలోపడి పోరా. వాళ్ళు వచ్చేస్తారు."

"ఎక్కడికి నాన్నా?"

దూరాన కాపలావాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం, కంచరగాడిదల గిట్టల చప్పుడు వినిపిస్తున్నాయి. నేరెయో ఫోరో తలను తన తొడ మీద పెట్టుకుని, ఆ మెలితిప్పిన పుల్లను వదలకుండా కూర్చున్నాడు. నన్ను నీళ్ళడిగాడు. సొరకాయ బుర్ర అందించాను. రెండు గుక్కలు తాగి, మిగిలినవి ఫోరోకి పట్టమన్నాడు.